జీతం లేని ఇంటర్న్‌షిప్ ఎవరి బిడ్డల కోసం?

2025 ఆగస్టులో చెన్నై రిప్పన్ భవనం ముందు పారిశుద్ధ్య కార్మికులు 13 రోజులు బైఠాయించారు. రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల్లో తమ పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించవద్దన్నదే వారి మొర. ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వారిని బలవంతంగా తరలించారు. ఈ నగరంలో చీపురు పట్టినవారిలో ఎందరో తరాల కిందట ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన తెలుగు దళితులు. ఆదివారం మన పక్కన కూర్చుని ఆరాధించేవారు. వారి కూడు మీద నిర్ణయాలు రాసే బల్ల దగ్గర వారి ఇంటి బిడ్డలు ఎందరున్నారు?

ఆ బల్ల దగ్గరికి చేర్చే చదువుల్లో పబ్లిక్ పాలసీ ఒకటి. ఈ పీజీ కోర్సుల్లో చాలాచోట్ల ఇంటర్న్‌షిప్ చేయనిదే డిగ్రీ రాదు. ఇంటర్న్‌షిప్ వద్దని మేము అనడం లేదు. ఫైలు ఎలా కదులుతుందో, బడ్జెట్‌లో పద్దు ఎలా తగ్గుతుందో తరగతి గదిలో తెలియదు. తప్పనిసరి అని చెప్పి, ఖర్చు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోమనడమే మా అభ్యంతరం. అది రసీదు ఇవ్వని ఫీజు.

దేశానికి ప్రణాళికలు చెప్పే నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్‌నే చూడండి. ఆరు వారాల నుంచి ఆరు నెలల వరకు పని, వేతనం లేదు, ల్యాప్‌టాప్ కూడా విద్యార్థే తెచ్చుకోవాలి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం నెలకు 5,000 రూపాయలు ఇస్తానంది. కానీ రెగ్యులర్ కోర్సులో చదువుతున్నవారిని, పీజీ పూర్తిచేసినవారిని పక్కన పెట్టింది. డబ్బు లేదనకండి. విదేశాంగ శాఖ తన ఇంటర్న్‌లకు నెలకు 10,000 రూపాయలు ఇస్తోంది. మనసుంటే మార్గం ఉంటుంది.

అనుభవమే జీతం అంటారు. అనుభవంతో హాస్టల్ అద్దె తీరుతుందా? 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్లు ఇచ్చింది కాబట్టే అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లగలిగారు. ప్రతిభ ఆయనది, దారి తెరిచింది మాత్రం నెలనెలా అందిన ఆ డబ్బు.

అందుకే మేము అడుగుతున్నాం. ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసిన సంస్థే బస, భోజనం, ప్రయాణ ఖర్చులకు పూచీ పడాలి. పని చేయించుకునే కార్యాలయం భృతి ఇవ్వాలి. ఆ సహాయాన్ని ఎస్సీ ధ్రువపత్రానికే ముడిపెడితే, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా మూలంగా దళిత క్రైస్తవ బిడ్డలు మళ్లీ గుమ్మం బయటే ఉండిపోతారు. కాబట్టి పేద దళిత క్రైస్తవులకూ అది అందేలా నిబంధన రాయాలి.

ఈ వేలు మన వైపు కూడా తిరగాలి. సేవ అన్న పేరుతో యువతీయువకుల చేత నెలల తరబడి ఉచితంగా పని చేయించుకునే క్రైస్తవ సంస్థలు లేవా? కూలి ఇవ్వకుండా పొరుగువాడి చేత పని చేయించుకుని మేడ కట్టుకున్న యెహోయాకీము రాజును యిర్మీయా ప్రవక్త నిలదీశాడు (22వ అధ్యాయం). ఆ మాట రాజుకే కాదు, మనకూ వర్తిస్తుంది. చెన్నైలో మన సంఘాలకు గదులున్నాయి, హాస్టళ్లున్నాయి, కానుకలున్నాయి. వచ్చే వేసవికి ఒక్కో సంఘం ఒక్క విద్యార్థికి బస, భోజనం, బస్సు ఖర్చు భరిస్తే చాలు. కార్మికుల బిడ్డల కోసం ప్రార్థించే మనం ముందు వారికి ఒక గది తాళం ఇద్దాం. ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు అప్పుడే మనకు ఉంటుంది.