చొప్పకూ లెక్క ఉండాలి

దుబాయ్, కువైట్, మస్కట్ నుంచి మనం పంపే పైసల్లో ఎంతో కొంత ఊళ్లో బర్రెగా మారుతుంది. ఎన్ని లీటర్లు ఇస్తోందని ఫోన్లో అడుగుతాం. ఏం తింటోందని అడిగేవాళ్లు తక్కువ. పాడి ఖర్చులో పెద్ద వాటా మేతదే!

వెనుకటి జొన్న మనిషిని మించిన ఎత్తు పెరిగేది. గింజ ఇంటికి, చొప్ప కొట్టానికి. 1964లో దేశంలో తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 విడుదలైంది. మొక్క పొట్టి, గింజ ఎక్కువ. తిండిగింజల కరువు రోజులవి, ఆ దారి పట్టడాన్ని తప్పు పట్టలేం. కానీ చొప్ప తగ్గింది. రబీ రైతు మాత్రం పాత మాల్దండి జొన్న నుంచి ఎంపిక చేసిన ఎం 35-1 రకాన్ని దశాబ్దాల తరబడి వదల్లేదు. రొట్టె బాగుంటుంది, చొప్పా బాగుంటుంది. దాన్ని మొండితనం అనుకుంటే పొరపాటే. పశువున్న ఇంటి లెక్క అది.

జొన్న అయినా, సజ్జ అయినా మేత దిగుబడి కొన్ని గుణాల మీద నడుస్తుంది. మొక్క ఎత్తు, పిలకలు, ఆకుల సంఖ్య, ఆకు పొడవు వెడల్పులు, కాండం లావు, పూతకు పట్టే రోజులు. ఇవి పెరిగితే మేత బరువు కూడా సాధారణంగా పెరుగుతుంది. అయితే అన్నీ కలిసిరావు. మరీ ఎత్తయితే గాలికి పడిపోతుంది. పూత ఆలస్యమైతే ఆకులు ఎక్కువొస్తాయి, కానీ రబీలో అప్పటిదాకా నేలలో తడి ఉండాలి కదా. కాండం మరీ లావైతే తూకం బాగుంటుంది గానీ, బర్రె ఆకు తినేసి మొదళ్లు వదిలేస్తుంది.

కాబట్టి బరువొక్కటే చూస్తే చాలదు. హైదరాబాద్‌లో జొన్నచొప్ప అమ్మకాలను ఇక్రిశాట్ పరిశోధకులు పరిశీలిస్తే, పశువుకు బాగా అరిగే చొప్పకే ఎక్కువ ధర పలుకుతోందని తేలింది. వ్యాపారి దగ్గర ప్రయోగశాల లేదు, చూపుతోనే పసిగడతాడు. గింజ పాలుపోసుకునే వేళ నీటి ఎద్దడి వచ్చినా ఆకు ఎండకుండా పచ్చగా నిలిచే గుణం మీద కూడా పటాన్‌చెరులో ఏళ్లుగా పని జరిగింది.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మాటలన్నీ మనిషి కంచం చుట్టూనే తిరిగాయి, పశువు గాడి ఊసు తక్కువే. కొత్త రకం విడుదల చేసేటప్పుడు ఎకరాకు గింజెంతో చెప్పినట్టే చొప్పెంతో, అది ఎంత అరుగుతుందో కూడా విత్తన సంచి మీద రైతుకు తెలిసే భాషలో రాయాలి. వ్యవసాయ శాఖ ఈ పని చేయించవచ్చు.

ఇంటివాళ్లు మేతజొన్న వేస్తుంటే ఒక మాట గట్టిగా చెప్పండి. లేత జొన్నలో, అందులోనూ వానల్లేక వాడిన పైరులో, పశువును చంపే విషం ఉంటుంది. పూతకొచ్చాకే కోసి వేయమనండి.