మాయాబజార్‌లో పాండవులు కనిపించరు

తెనాలి చక్రపాణి, నాగిరెడ్డి కలిసి 1957లో తీసిన ‘మాయాబజార్’లో పాండవులు ఒక్క సీన్‌లోనైనా కనబడరు. కనబడలేదని ఎవరూ వెలితిపడలేదు. హరికథలు, పద్యనాటకాలు విని పెరిగిన జనానికి అర్జునుడెవరో కొత్తగా చెప్పాలా? ‘ఆదిత్య 369’ (1991)లో టైమ్ మెషీన్ రాయల కాలానికి చేరినప్పుడూ అంతే. చంద్రమోహన్ వేసిన తెనాలి రామకృష్ణుడికి పరిచయం అక్కర్లేకపోయింది.

ప్రేక్షకుడికి ముందే తెలిసిన కథ ఇచ్చే ఈ బలం ‘కల్కి 2898 ఏడీ’కి సగమే దక్కింది.

ఆ సినిమా 2024 జూన్ 27న వచ్చింది. అంతకు నాలుగు వారాల ముందు, మే 31న, ‘బుజ్జి అండ్ భైరవ’ అనే రెండు ఎపిసోడ్ల యానిమేషన్ సిరీస్ ప్రైమ్ వీడియోలో విడుదలైంది. సినిమా కథానాయకుడు భైరవకు, బుజ్జి అనే అతని మాట్లాడే బండికి స్నేహం ఎలా కుదిరిందో చెప్పేది ఆ సిరీసే. బాపట్ల వ్యవసాయ కళాశాల హాస్టల్లో ఫోన్లో దాన్ని చూసిన కుర్రాడికి బుజ్జి పాత నేస్తం. రేపల్లెలో రైలెక్కి తెనాలి వచ్చి, నేరుగా హాల్లో కూర్చున్నవాడికి అదొక కబుర్లు చెప్పే కారు.

సమీక్షలు గుర్తు చేసుకుంటే విషయం తేటపడుతుంది. మెచ్చుకున్నవి కురుక్షేత్రం, అశ్వత్థామగా అమితాబ్, చివరి అరగంట. తప్పుపట్టినవి మొదటి సగం సాగతీత, భైరవ హాస్యం. అంటే భారతం మీద నిలబడినచోట సినిమా గెలిచింది, సిరీస్ పరిచయం మీద ఆధారపడినచోట తడబడింది. సమీక్షకుల తీర్పు న్యాయమైనదే. అయితే ఆ తడబాటుకు కారణం ఇదని చాలామంది చెప్పకుండా వదిలేశారు. పాఠకుడికి కావలసింది ఆ కారణమే.

సిరీస్ చూడనివాడికి సినిమా ఎలా అందించాలనే చిక్కు ఇంతకుముందూ ఉంది. అమెరికాలో ‘ఫైర్‌ఫ్లై’ అనే అంతరిక్ష సిరీస్‌ను 2002లో ఫాక్స్ చానల్ 14 ఎపిసోడ్లలో 11 మాత్రమే వేసి ఆపేసింది. అభిమానులు పట్టుబట్టగా దర్శకుడు జాస్ వెడన్ ఆ కథకు కొనసాగింపుగా 2005లో ‘సెరెనిటీ’ తీశాడు. సినిమా మొదలైన కాసేపటికే, తెగని ఒకే షాట్‌లా కెమెరా అంతరిక్ష ఓడంతా తిరిగి, అందులోని మనుషులను ఒక్కొక్కరినే చూపిస్తుంది. సిరీస్ చూడనివాడికి అది పరిచయం, చూసినవాడికి పుట్టింటికి వెళ్లినట్టు. సమీక్షకుల్లో ఎక్కువమంది మెచ్చారు, 2006లో హ్యూగో అవార్డూ వచ్చింది. వసూళ్లు మాత్రం పెట్టుబడికి అటూఇటూగానే ఆగిపోయాయి. అంత శ్రద్ధగా తీసినా ఒక తేడా చెరగలేదు. చివర్లో ఓడ నడిపే వాష్ చనిపోతే, పాత ప్రేక్షకుడికి ఇంట్లో మనిషి పోయినట్టుంటుంది. కొత్తవాడికి అతను గంటన్నర క్రితం పరిచయమైన మనిషి.

‘కల్కి’ రెండో భాగానికి ఈ చిక్కు రెట్టింపవుతుంది. అప్పటికి సిరీస్‌తో పాటు మొదటి సినిమా కూడా గతమే. ఆ రోజు సమీక్ష రాసేవారు రేటింగ్ వేసే ముందు ఒక్క వాక్యం రాయాలి: ముందువేవీ చూడకుండా టికెట్ కొన్న రేపల్లె కుర్రాడికి ఈ కథ ఎంతవరకు అందుతుంది?