పాత నావకు పునర్జన్మ

కొయ్య నావ శిథిలమైతే మట్టిలో కలిసిపోతుంది. ఫైబర్‌గ్లాస్ నావకు ఆ భాగ్యం లేదు. గాజునారను రెసిన్‌తో బిగించి చేసిన దాని దేహం కుళ్లదు. కరిగించి తిరిగి పోత పోయడానికీ వీలుపడదు. 1950ల నుండి అనేక దేశాల తీరాలలో వెలసిన ఇటువంటి తెరచాప నావలలో చాలావాటికి నేడు వార్ధక్యం వచ్చింది. వాటిని పారవేయడం కన్న బాగుచేసుకోవడమే వివేకం.

అయితే బాగుచేయడమంటే రంగు పూయడం కాదు. చాలా నావల డెక్కులో రెండు ఫైబర్‌గ్లాస్ పొరల నడుమ తేలికైన బాల్సా కొయ్య ఉంటుంది. బోల్టుల రంధ్రాల గుండా నీరు చేరితే, పైపొర మెరుస్తుండగానే లోపలి కొయ్య చివికిపోతుంది. సుత్తితో మెల్లగా తట్టితే గట్టిచోటు ఖంగుమంటుంది. చివికినచోటు మొద్దుగా మోగుతుంది. నిపుణుడు అక్కడి పొరను కోసి, కుళ్లును తొలగించి, తడి ఆరనిచ్చి, కొత్త కొయ్యను పొదిగి, గాజుబట్టను రెసిన్‌తో పొరలు పొరలుగా అతుకుతాడు. రంగు వంతు చివరిది.

ఈ వ్యయం ఒక్కొక్కప్పుడు పాత నావ వెలను మించుతుందన్నది నిజమే. కాని సముద్రం వెలను చూడదు, పటుత్వాన్నే పరీక్షిస్తుంది. 1988కి పూర్వపు నమూనాలనే అనుమతించే గోల్డెన్ గ్లోబ్ పోటీలో, అటువంటి ఫైబర్‌గ్లాస్ నావపైనే భారత నావికుడు అభిలాష్ టోమీ ఒంటరిగా భూగోళాన్ని చుట్టి, 2023లో ద్వితీయ స్థానం సాధించారు. వయసు నావకు దోషం కాదు. లోపాన్ని రంగుతో కప్పిపుచ్చడమే దోషం.