రేవు అడిగి దిగాలి

కొలరాడోలో ఉండే మా మేనల్లుడు ఆ మధ్య సెలవులకి మాచర్ల వచ్చాడు. వస్తూ వస్తూ పెట్టెలో ఓ రబ్బరు ప్యాంటు తెచ్చాడు. ఛాతీదాకా వచ్చే ప్యాంటు, దానికే అతుక్కుని బూట్లు. అది తొడుక్కుని నడుం లోతు నీళ్లలో నిలబడి ట్రౌట్ చేపల్ని గాలంతో పడతారట అక్కడ. ‘మామయ్యా, మన కృష్ణలో దిగడానికి మంచి చోటెక్కడుంది?’ అన్నాడు, ఇంకా కాఫీ గ్లాసు చేతిలోనే ఉంది.

ముందు ట్రౌట్ సంగతి తేల్చేద్దాం. అది చలిదేశపు చేప. నీళ్ల వేడి 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడిపోతుంది. మనమేమో రెంటచింతల పక్కవాళ్లం! ఎండాకాలం వచ్చిందంటే వార్తల్లో మొదట వినపడే పేరు అదే కదా. మన దేశంలో ట్రౌట్‌ని చూడాలంటే కాశ్మీరుకో, కులూ లోయకో, నీలగిరి కొండలకో పోవాలి. అక్కడైనా అది స్థానికం కాదు. బ్రిటిషు దొరలు తమ సరదా కోసం తెచ్చి వాగుల్లో పెంచారు. మన కృష్ణమ్మకి బొచ్చె, శీలావతి, వాలుగ, జెల్ల ఉన్నాయి. నాకైతే వీటి పులుసు ముందు మరేదీ ఆనదు.

కానీ వాడు అడిగిన రెండో ప్రశ్న అంత తేలిక కాదు. ఎక్కడ దిగాలి? అమెరికాలో ఈ ప్రశ్నకి అర్థం వేరు. కొలరాడోలో చాలాచోట్ల నది అడుగున ఉన్న నేల కూడా ఒడ్డు ఆసామిదేనట. కాలు మోపితే తగువే. మోంటానాలో 1985లో చట్టం చేసి, వరద గీత లోపల ఎవరైనా నడవొచ్చన్నారు. అంటే అక్కడి వాళ్ల బాధ అనుమతి గురించి. మనకి సాగర్ ఎగువన పులుల అభయారణ్యం ఉంది, అక్కడ అటవీ శాఖ అనుమతి లేనిదే పోకూడదు. జలాశయంలో వేటకి లైసెన్సులూ సహకార సంఘాలూ ఉన్నాయి. మిగతా ఒడ్డున మనల్ని ఆపేవాళ్లు తక్కువ. దిగినవాడు ఎక్కివస్తాడా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఎందుకంటే పల్నాడులో కృష్ణ ఇప్పుడు మన తాతలు చూసిన ఏరు కాదు. పైన నాగార్జునసాగర్. దానికి 21 కిలోమీటర్ల దిగువన సత్రశాల దగ్గర టెయిల్ పాండ్. ఆ కింద పులిచింతల, నిండితే 45 టీఎంసీల పైమాట, ఆ నీళ్లు పొందుగుల దిక్కుకి ఎగదన్నుతాయి. కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరే ఆ నీళ్లలో మునిగింది. ఇక పాత రేవుల మాట చెప్పాలా? తాత చెప్పిన మోకాలి లోతు చోటు ఇవాళ రెండు నిలువుల మడుగు కావచ్చు.

సాగర్‌కీ టెయిల్ పాండ్‌కీ మధ్య ఇంకో చిక్కుంది. సాగర్ విద్యుత్ కేంద్రంలో ఏడు యూనిట్లు రెండు రకాలుగా పనిచేస్తాయి. కరెంటు కావాల్సినప్పుడు నీళ్లు కిందికి వదులుతాయి, మిగులు కరెంటు ఉన్నప్పుడు అవే నీళ్లని పైకి తోడతాయి. కాబట్టి పొద్దున పొడిగా ఉన్న బండ సాయంత్రానికి పొడిగానే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వాన పడక్కర్లేదు, మబ్బు పట్టక్కర్లేదు.

ఇది చెబుతుంటే మా వాడు నవ్వాడు. అప్పుడు లార్జీ గుర్తు చేశాను. హిమాచల్‌లో బియాస్ నది, ట్రౌట్ ఉండే తీర్థన్ ఏరు వచ్చి కలిసే చోటు. 2014 జూన్ 8 సాయంత్రం హైదరాబాద్ నుంచి విహారయాత్రకి వెళ్లిన ఇంజనీరింగ్ పిల్లలు అక్కడికి దిగువన రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తారు. 24 మంది పిల్లలు, వాళ్లతో వెళ్లిన మరొకతను... దేహాల కోసం వారాల తరబడి వెతికారు. ఆ నీళ్లు దిగేటప్పుడు చీలమండ దాటలేదు అనుకునేవాళ్లే అందరూ. మా వాడు ప్యాంటు మడిచి పెట్టేశాడు.

అయినా మేం వెళ్లాం. కృష్ణకి కాదు, కారెంపూడి దగ్గర నాగులేరుకి. వానలు తగ్గి, నీరు తేటపడ్డాక. మాచర్ల వాళ్లకి చంద్రవంక దగ్గరే గానీ, ఎత్తిపోతల దిగువ మడుగుల్లో మొసళ్లుంటాయి. అటవీ శాఖ వాళ్లు అక్కడే పెంచుతున్నారు కూడా. సాగర్ కుడి కాలువ మరీ ప్రమాదం. కాంక్రీటు వాలుకి పాకుడు పట్టి ఉంటుంది, జారితే పట్టుకోడానికి గడ్డిపోచ ఉండదు. ఈత వచ్చినవాళ్లు పోయేదీ అక్కడే.

నాగులేటి ఒడ్డున గేదెలు కాసే పెద్దాయన కనిపించాడు. ‘బాబాయ్, దిగడానికి ఎక్కడ బాగుంటది?’ అన్నాను. ‘గొడ్లు దిగే కాడ దిగండయ్యా, అవి రోజూ చూసుకునే దిగుతయ్’ అన్నాడు. ఇంతకంటే మంచి మ్యాపు నేనింతవరకు చూడలేదు. గేదె దిగే రేవు వాలుగా ఉంటుంది, అడుగు గట్టిగా ఉంటుంది. ఇసుక తవ్వుకుపోయిన గుంటల దగ్గరికి అది పోదు.

తరవాత మా వాడే నాకు నేర్పాడు, ఒప్పుకోవాలి. చేతికర్ర ముందు ఆనించి తరవాతే కాలు. కాలు ఎత్తి వెయ్యకుండా నేలని రాసుకుంటూ జరపాలి. ప్రవాహానికి ఎదురుగా కాదు, పక్కకి తిరిగి నిలబడాలి. నాపరాళ్ల మీద ఆకుపచ్చగా కనపడితే అది పాకుడే, చుట్టూ తిరిగిపోవాలి. నడుముకి బెల్టు లేకుండా ఆ రబ్బరు ప్యాంటు వేసుకోకూడదట, పడితే బిందెలా నిండుతుంది. నేను చేర్చింది ఒక్కటే. నీటి అంచున ఓ తెల్లరాయి పెట్టి, అది తడిసిందేమోనని మధ్య మధ్య చూడటం.

మా రాయి తడవలేదు. గంటన్నరకి బెండు మునిగింది. ట్రౌట్ పట్టిన చేతులు కదా, ధీమాగా కొక్కెం తియ్యబోయాడు. జెల్ల ముల్లు బొటనవేలికి దిగింది. ఇంటికొచ్చాక మా అక్క వాడి వేలు వేణ్ణీళ్లలో ముంచి కూర్చోబెట్టి, ‘అంత చిన్న చేపకి రెండు టమాటాలు కూడా దండగే’ అంటూనే పులుసు పెట్టింది.