గల్ఫ్ పోయే ముందు సిమ్ సంగతి చూసుకో తమ్మీ!



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్ బాట పట్టిన మనిషి లేని ఊరు అరుదు. గూడేల నుంచి, తండాల నుంచి కూడా మనోళ్లు దుబాయ్, సౌదీ, మస్కట్ పోతున్నరు. వీసా గురించి, టికెట్ గురించి అందరూ చెప్తరు. ఇక్కడ వదిలిపోయే సిమ్ గురించి చెప్పేటోళ్లు లేరు.

ఆ నంబరే బ్యాంకుకు, ఫేస్‌బుక్‌కు, వాట్సాప్‌కు తాళంచెవి. 90 రోజులు వాడకుండా వదిలేస్తే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. ఆపినంక కనీసం ఇంకో 90 రోజులు ఆగి వేరేటోళ్లకు ఇయ్యొచ్చు. 2023 నవంబరులో ట్రాయ్ ఈ గడువు సంగతి సుప్రీంకోర్టుకు కూడా చెప్పింది. కొత్తగా తీసుకున్న మనిషి మంచోడే కావచ్చు. కానీ మన ఓటీపీ ఆయన ఫోన్‌ల పడుతది. ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కితే ఖాతా చేతులు మారుతది. ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా అప్పుడు లాభం లేదు.

నష్టం ఒక్కరితో ఆగదు. మన గ్రూపుల్ల పోడు పట్టాల ఫొటోలు, ఆధార్ కాపీలు, మీటింగ్‌కు ఎవరెవరు వస్తున్నరో అన్నీ ఉంటయి. అడ్మిన్ పేరు మీద ఇంకొకడు మెసేజ్ పెడితే ఊరంతా నమ్ముతది.

అందుకే విమానం ఎక్కకముందే ఇవి చేయండి:

1. సిమ్ ఉంచుకుంటే రీచార్జ్ బాధ్యత ఇంట్ల ఒకరికి అప్పజెప్పండి. వదిలేస్తే బ్యాంకుల, ఆధార్‌ల, వాట్సాప్‌ల నంబరు ముందే మార్చండి.

2. వాట్సాప్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి. ఓటీపీ దొరికినోడిని అది 7 రోజులే ఆపుతది, కాబట్టి నంబరు మార్చుడు మాత్రం మరువొద్దు.

3. జీమెయిల్‌కు, ఫేస్‌బుక్‌కు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. సిమ్ లేకున్నా కోడ్ చూపిస్తది. బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి ఒకటి వెంట, ఒకటి ఇంట్ల పెట్టండి.

4. పాస్‌వర్డ్‌ల పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు వద్దు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలపండి. ఒక్కో ఖాతాకు ఒక్కోటి పెట్టండి.

5. సంఘం పేజీకి, గ్రూపుకు ఇద్దరు అడ్మిన్లన్నా ఉండాలె. ఒకరి ఖాతా పోతే ఇంకొకరు ఆపగలుగుతరు.

పైసలు పోతే గడియ ఆలస్యం చేయకుండా ఇంటోళ్లతో 1930కి ఫోన్ చేయించండి.

ఇది చదివినోళ్లు ఈ రాత్రే గల్ఫ్‌ల ఉన్న అన్నకో, బావకో ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: నీ పాత సిమ్ ఇంకా నడుస్తున్నదా?