ఊరిపేరు ఎవరి సొత్తు?

నరసాపురమునకు చేరువను వసిష్ఠ గోదావరి తీరమున మాధవాయపాలెమను గ్రామము కలదు. 17వ శతాబ్దమున ఇంగ్లీషు కంపెనీవారు అచ్చట వర్తకపు కొఠీ నెలకొల్పి, మన నేతగాండ్రు నేసిన తెల్లని నూలుబట్టలను ఓడల కెక్కించిరి. మాధవాయపాలెమను మాట వారి నాలుకకు తిరుగక 'మడపోలము' అయ్యెను. క్రమముగా ఊరిపేరు బట్టపేరయ్యెను. అది ఇంగ్లండుతో నాగక ఫ్రెంచి, స్పానిషు, రష్యను భాషలకును ప్రాకి, నేటికిని వారి నిఘంటువులలో నిలిచియున్నది.

పేరింత దూరము పోయినది గదా, ఊరికి దక్కినదేమి? 1833వ సంవత్సరపు చార్టరు చట్టముతో కంపెనీవారి వర్తకమే ముగిసెను. ఇంగ్లండు మిల్లులు ఆ తరహా బట్టను నేసి ఆ పేరే పెట్టినవి. మడపోలము ఇంగ్లండునుండి హిందూదేశమునకు దిగుమతియగు సరకని 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువే చెప్పుచున్నది. గోదావరి యొడ్డున పుట్టిన పేరును మనమే వెలయిచ్చి కొనితిమి!

ఈ కథ కొండపల్లికి హెచ్చరిక కావలెను. 1766లో ఆ దుర్గమును పట్టుకొనిన ఇంగ్లీషువారు తమ దస్తరములలో దానిని 'కొండపిల్లి'గా వ్రాసికొనిరి. దుర్గము శిథిలమైనను ఊరిపేరును నిలిపినవి బొమ్మలు. తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవముల నతికి, రంగులు దిద్దు ఆ విద్య తరతరములుగా వచ్చుచున్నది. 1999వ సంవత్సరపు భౌగోళిక సూచికల చట్టము క్రింద ఆ పేరు నమోదైనది. దానిని దొంగిలించి సరకమ్మువారికి ఆరు మాసములకు తక్కువగాక మూడేండ్ల వరకు చెరసాలయు, ఏబదివేల రూపాయలకు తక్కువగాని జుల్మానాయు ఆ చట్టము విధించుచున్నది.

ఎవరు చేసినను పేరు వ్యాపించుట మేలే గదా యని కొందరనవచ్చును. మడపోలము పేరు వ్యాపింపలేదా? పుట్టిన ఊరితో సంబంధము తెగి సామాన్యనామమైపోయిన పేరును ఈ చట్టము నమోదు చేయదు. కనుక మాధవాయపాలెమునకు దొరకని రక్షణ కొండపల్లికి దొరకినది. కాని, చట్టము గ్రంథములో నున్నంతమాత్రమున కాపాడదు; అడుగువాడుండవలెను.

బెజవాడ బజారులో బొమ్మను కొనువారు 'ఇది కొండపల్లిలో చేసినదేనా?' యని అడుగవలెను. ప్రతి కళాకారుడును అధీకృత వినియోగదారుగా తన పేరు నమోదు చేయించుకొనవలెను. పదేండ్ల కొకమారు నమోదును పునరుద్ధరించుట మరువరాదు. పొణికిచెట్లను నరికినన్ని నాటవలెను; కఱ్ఱ లేనినాడు పేరు మాత్రమే మిగులును.

ఊరిపేరు తాతలనాటి పొలము వంటిది. గట్టు చూచుకొనని వానికి పట్టాయున్నను పంట దక్కదు.