సింగిల్ మాల్ట్ అయితే షరాబ్ కాదా?

మన ఇళ్లలో షరాబ్ పేరెత్తడమే బేఅదబీ. అందుకే ఆ సంగతి పిల్లలకు మనం చెప్పం. ఆఫీసు పార్టీలే చెబుతాయి. వైన్ షాపు ముందు నిలబడటానికి సిగ్గుపడే మన కుర్రాడు, గ్లెన్‌ఫిడిక్ 12 ఏళ్ల సీసా ముందు మాత్రం మెత్తబడతాడు. "తాగడం కాదు భాయ్, టేస్టింగ్. ఇది ఎంట్రీ లెవెల్ సింగిల్ మాల్టే" అంటారు దోస్తులు.

ఆ టేస్టింగ్ సంగతేమిటో చూద్దాం. మొలకెత్తించిన బార్లీని పులియబెట్టి, ఒకే డిస్టిలరీలో రాగి పాత్రల్లో బట్టీ పెట్టి, స్కాట్లాండ్‌లోనే కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాల్లో నిల్వ ఉంచితే అది సింగిల్ మాల్ట్ స్కాచ్. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని పియర్ పండు, తేనె, వెనిల్లా అని ఖుష్బూలు లెక్కపెడతారు, మనం అత్తరు దుకాణంలో చేసినట్టే. అందులో హునర్ లేదని నేను అనను.

కానీ అస్లియత్ లేబుల్ మీదే ఉంది. స్కాచ్‌లో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. మన దగ్గర దొరికే చౌక విస్కీలో సాధారణంగా 42.8 శాతం. లివర్‌కి ఈ రెండింటికీ ఫరఖ్ తెలీదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధనా విభాగం 1988లోనే మద్యాన్ని కేన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. 12 ఏళ్లు పీపాలో ఉన్నంత మాత్రాన ఆ జాబితాలోంచి బయటపడదు.

అంతకంటే బాధపెట్టేది మన తరాజు. ఆటో నడిపే భాయ్ క్వార్టర్ తాగితే 'షరాబీ'. అతని బిడ్డకొచ్చిన రిష్తా కూడా వెనక్కి పోతుంది. అమెరికా నుంచి వచ్చిన ఇంజనీరు సింగిల్ మాల్ట్ తాగితే 'షౌక్'. గరీబుకు గునాహ్ అయింది, అమీరుకు తహజీబ్ ఎలా అయింది?

ఎంట్రీ లెవెల్ అంటేనే పైన ఇంకా మెట్లున్నాయని. 15 ఏళ్ల సీసా, 18 ఏళ్ల సీసా వరుసలో ఉంటాయి. తలుపు దగ్గర ఆగడమే ఆసాన్.

అమ్మీలూ, అబ్బాలూ, 'హరామ్' అనేసి ఊరుకుంటే మన జిమ్మేదారీ తీరదు. హరామని వాడికీ తెలుసు. మేనేజర్ గ్లాసు అందించినప్పుడు నవ్వుతూ ఎలా వద్దనాలో తెలీదు. "నేను తాగను సార్, జ్యూస్ తీసుకుంటా" అనే మాట ఇంట్లోనే నేర్పండి. ఇప్పటికే తాగుతున్న వాడుంటే తిట్టి తరిమేయకండి, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఇంట్లో మాట దొరకనివాడే గ్లాసు దగ్గరికి పోతాడు.